చదవని లైను

“పిన్నీ, పొద్దుటిపూట నీకు పనేం ఉండదుగా?” అని అక్క కూతురు అడిగినప్పుడు ఆమె తడిబట్టలు ఆరేస్తోంది. ఉండదని చెప్పాక గానీ ఆ ప్రశ్న ఎక్కడికి దారితీస్తుందో తట్టలేదు. తట్టాక, అన్న మాట వెనక్కి తీసుకునే వీల్లేకపోయింది.

సంగతేమిటంటే, వీధి చివర లైబ్రరీలో ఆ ఏడాది ఒక పందెం పెట్టారు. పన్నెండు నెలలు, పన్నెండు రకాల పుస్తకాలు. ఒక నెల నవలైతే మరో నెల యాత్ర, ఇంకో నెల సైన్సు. ఒకే రకం రెండుసార్లు చెల్లదు. చేరినవాళ్ళకు పన్నెండు గళ్ళున్న అట్టముక్క ఇస్తారు. పుస్తకం పూర్తి చేసి వెళ్ళి నాలుగు మాటలు చెబితే లైబ్రేరియన్ ఒక గడిలో ముద్ర కొడుతుంది. అక్క కూతురు తండ్రి పేరు రాయించి వచ్చింది. ఆ తండ్రికి డెబ్బై నాలుగేళ్ళు. చక్కెర జబ్బు రెండు కళ్ళనూ తినేసి, అది చాలనట్టు కిడ్నీల మీద పడింది. వారానికి రెండు రోజులు డయాలిసిస్. మిగతా అయిదు రోజులూ కుర్చీలో గోడవైపు తిరిగి కూర్చోవడం.

“కళ్ళు పోయినవాడికి చదువుల పందెమేమిటే?” అంది ఆమె.

“విన్నా చదివినట్టే అంది లైబ్రేరియన్. నేను ల్యాబుకి పోతే ఆయనకి ఆ గోడ తప్ప దిక్కులేదు. డాక్టరు ఏడాది అన్నాడు పిన్నీ. ఏడాదంటే ఏడాదే అని కాదు, అటూ ఇటూ. ఆ ఏడాదీ గోడతోనేనా? నువ్వు ఆయనకి ఏళ్ళ తరబడి చదివి వినిపించినదానివి. నీకంటే ఎవరు దొరుకుతారు నాకు?”

“ఎనిమిదేళ్ళే చదివాను,” అంది ఆమె. ఆరేసిన చీరనే మళ్ళీ తీసి ఆరేసింది.

ఆ ఎనిమిదేళ్ళూ అచ్చాఫీసులో. అచ్చు దిద్దే పనికి ఇద్దరు కావాలి. ఒకరు రాతప్రతి పట్టుకుని పైకి చదువుతారు. రెండోవాళ్ళు అచ్చైన కాగితం మీద కళ్ళు పెట్టి వింటారు. చెవిన పడినదానికీ కంటికి కనబడినదానికీ తేడా వస్తే ఎర్రకలంతో గుర్తు పెడతారు. గుర్తు పెట్టేవాడు ప్రూఫ్ రీడర్. కాగితం కింద సంతకం అతనిదే, మాట వచ్చినా అతనికే వస్తుంది. పైకి చదివే మనిషిది గొంతు మాత్రమే.

అక్క మొగుడు ఆ ఆఫీసులో ప్రూఫ్ రీడర్. ఆమెను ఇరవై నాలుగేళ్ళ వయసులో తీసుకెళ్ళి తన ఎదురుగా కూర్చోబెట్టింది ఆయనే. “మరదలికి ఉద్యోగమా, మీకు వినోదమా?” అని అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటర్లు వేళాకోళమాడితే, “దాని చదువు విని చెప్పండ్రా,” అన్నాడట. విన్నాక ఎవరూ నవ్వలేదు. ఏ భావమూ లేకుండా, ఎక్కడా ఆగకుండా, కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా మాటల్లాగే పలుకుతూ గంటల తరబడి చదివేది. చావు వార్తైనా పప్పుబద్దల ప్రకటనైనా ఒకటే గొంతు. టేపురికార్డరని పేరు పెట్టి, నెల తిరక్కుండా దాన్ని టేపు చేశారు. బావను డేగ అనేవారు. ఎంత సన్నటి తప్పైనా ఎత్తుకుపోతాడని.

ఎనిమిదో ఏట ఒక మందుల కంపెనీ తాలూకు చిన్న కరపత్రం వచ్చింది. పిల్లల కడుపులో పురుగులకు వాడే మందు. రాతప్రతిలో ఇలా ఉంది: ‘ఏడాది నిండని పిల్లలకు ఈ మందు పట్టకూడదు. ఏడాది దాటిన పిల్లలకు రోజుకు రెండు చెంచాలు.’ ‘పిల్లలకు’ అన్న మాట ఒకదాని కింద ఒకటి సరిగ్గా పడింది. కంపోజిటర్ కన్ను పై ‘పిల్లలకు’ దగ్గర బయల్దేరి కింది ‘పిల్లలకు’ దగ్గర దిగింది. నడుమ ఉన్నది ఎగిరిపోయింది. అచ్చులో వచ్చిందేమిటంటే, ‘ఏడాది నిండని పిల్లలకు రోజుకు రెండు చెంచాలు.’

ఇలాంటిది పట్టుకోవడానికే ఇద్దరు మనుషుల్ని కూర్చోబెట్టేది. కానీ ఆ మధ్యాహ్నం టేపు కన్ను కూడా అక్కడే దూకింది. ఆమె చదివిందీ, అచ్చులో ఉన్నదీ అక్షరం తేడా లేకుండా సరిపోయాయి. బావ సంతకం పెట్టాడు.

ముగ్గురు పసిపిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. ఇద్దరు కోలుకున్నారు. పదినెలల వాడొకడు కోలుకోలేదు.

యజమాని గదిలో రాతప్రతిని బల్లమీద పరిచి, ఆ లైను కింద వేలు పెట్టి, “ఇది చదివావా?” అని అడిగాడు. ఆమె ఆ లైనును జీవితంలో మొదటిసారి చూస్తోంది. అయినా, “చదివాను,” అంది.

అంతే. ఒక్క మాట. ఆమె చదివిందంటే ఆయన వినలేదని అర్థం. బావ ఆమె ముఖంలోకి చూశాడు, తర్వాత బల్లకేసి చూశాడు. “చదివే ఉంటుంది. నాకే వినబడి ఉండదు,” అన్నాడు. ఆమెను కాపాడాలని కాదు. నిజంగానే అలా అనుకున్నాడు.

ఆయన్ని తీసేయలేదు. ఇక అచ్చు కాగితం ముట్టుకోవద్దని చెప్పి కట్టలు కట్టే విభాగంలో వేశారు. రిటైరయ్యేదాకా పదిహేనేళ్ళు అక్కడే పురికొసతో కట్టలు కట్టాడు. డేగ అన్న పేరు పోలేదు. వెనక మాత్రం చెవిటి డేగ అనేవారు. రెండు ఊళ్ళలో డాక్టర్లకు చెవులు చూపించుకున్నాడు. శుభ్రంగా ఉన్నాయని ఇద్దరూ చెప్పారు. ఆ మాట కూడా సరిగ్గా విన్నానో లేదోనని భార్యతో మళ్ళీ అడిగించాడు. అప్పట్నుంచి ఎవరేం చెప్పినా రెండోసారి చెప్పించుకోవడం అలవాటైంది. ఇంట్లో ప్రతి మాటా రెండేసి, మూడేసి సార్లు నడిచేది. ఆరేళ్ళ కిందట అక్క పోయే ముందు, గొంతు ఇంకా పలుకుతుండగానే, “ఆయన చెవి సంగతి చూస్తూ ఉండవే,” అని చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

టేపు మాత్రం ఇంకో ప్రూఫ్ రీడర్ ఎదుట ఇంకో ఇరవై ఏళ్ళు చదివింది. ఆ ఇరవై ఏళ్ళూ లైను కింద స్కేలు పెట్టుకుని చదివింది. ఆఫీసు బయట ఒక్క పుస్తకం ముట్టుకోలేదు. ఎందుకో ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పగల విషయమూ కాదు.

ఈ ఏడాదిలో చెప్పేయాలి అనుకుంది, అక్క కూతురు పందెం సంగతి చెప్పిన రోజే. ఏడాది పోతే ఇక చెప్పడానికి ఆయన ఉండడు. అనుకున్నంత తేలిగ్గా నోరు కదలదని కూడా ఆమెకు తెలుసు. ముప్ఫై ఒక్క ఏళ్ళు కదలని నోరది.

మొదటి నెల నవల. పదిగంటలకు వెళ్ళి, బావ కుర్చీని గోడవైపు నుంచి తనవైపు తిప్పి, పుస్తకం తెరిచింది.

“వాన వెలిసింది ఫుల్‌స్టాప్ ఆమె తలుపు తీసి కామా వీధిలోకి చూసి కామా…”

బావ భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని ఆమె భయపడింది. నవ్వుతున్నాడు. “ఇదేం ప్రూఫా టేపూ? కామాలు ఎవడిక్కావాలి?”

“అలవాటు బావా. అవి లేకుండా నాకు నడక రాదు.”

“సరే కానీ. కామాలతోనే కానీ.”

కూతురు సాయంత్రం ఇంటికొచ్చేసరికి, తండ్రి నెలల తర్వాత తనంతట తాను మాట్లాడాడు. “ఆ తలుపు తీసినావిడ మంచిది కాదే. నాకు మొదటి పేజీలోనే అనుమానం కొట్టింది.”

రెండో నెల యాత్ర, మూడో నెల నేరపరిశోధన. నేరపరిశోధన ఆయన్ని పూర్తిగా పట్టేసింది. హంతకుడెవడో అరవయ్యో పేజీలో చెప్పాడు, నూటపదో పేజీలో మార్చాడు, తప్పు తేలాక రచయితను తిట్టాడు. కానీ సాక్షుల్ని విచారించే చోట మాత్రం ప్రతి రెండు లైన్లకూ చెయ్యి ఎత్తేవాడు.

“ఆ లైను చదివావా?”

“చదివాను బావా.”

“మళ్ళీ చదువు. నాకు జారిపోయింది.”

జారిపోలేదు. ఆయన అడిగే లైను ప్రతిసారీ ఆయనకు వినబడిందే. మళ్ళీ చదివితే, “అదే, అదే అనుకున్నా,” అనేవాడు. తన చెవి మీద తనకే నమ్మకం లేక అడగడమే తప్ప ఇంకేం కాదు. రోజుకు పదిసార్లు, పదిహేనుసార్లు, ఆనాడు యజమాని అడిగిన ప్రశ్నే ఆయన నోట వినబడేది. ఆనాడు చెప్పిన జవాబే ఆమె చెప్పాల్సి వచ్చేది. ఇప్పుడది నిజం. అయినా అన్న ప్రతిసారీ ఆమె నాలుక మీద అదే చేదు.

రోజూ చెప్పాలనే వెళ్ళేది. డయాలిసిస్ అయిన మర్నాడు నీరసంగా ఉన్నాడని ఊరుకునేది. హుషారుగా ఉన్న రోజు, ఈ ఒక్క పూటా సంతోషంగా ఉండనీ అని ఊరుకునేది. మనిషి ఏ స్థితిలో ఉన్నా ఊరుకోవడానికి ఒక కారణం దొరికేది. నాలుగో నెల సైన్సు పుస్తకం నక్షత్రాల దూరాలతోనే గడిచిపోయింది. అయిదో నెల నాటకం. అందరి మాటలూ ఒకే గొంతుతో చదివేసరికి, రాజెవరో భటుడెవరో తేలక ఇద్దరూ తికమకపడి నవ్వుకున్నారు. ముద్రలు ఒక్కొక్కటే పడుతున్నాయి. ఆయన చేతులు సన్నబడుతున్నాయి.

ఆరో నెల లేఖలు. ఎవరో ఒకాయన జైలు నుంచి ఇంటికి రాసుకున్న ఉత్తరాల పుస్తకం. సగంలో ఉండగా బావ చెయ్యి ఎత్తాడు.

“ఆపు. అలమరాలో పై అరలో రేకు పెట్టె ఉంటుంది, తే. అందులో ఒక కాగితం మీద చిరునామా ఉంటుంది, చూడు.”

ఉంది. కాగితం మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. ఒక స్త్రీ పేరు, వీధి, ఇంటి నంబరు.

“ఆ పిల్లాడి తల్లి,” అన్నాడు బావ. “ఒకసారి వెళ్ళాను, సంఘటన జరిగిన ఏడాదికి. ఆవిడ ఇంటి ఎదుటి పేవ్‌మెంటు మీద పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా నిలబడ్డాను. తలుపు తట్టలేకపోయాను. ఇప్పుడైనా ఒక ఉత్తరం రాయాలి. నేను చెబుతాను, నువ్వు రాయి. నేను పోయాక కాదు, ముందే అందాలి ఆవిడకి.”

ఆమె కాగితం తీసుకుంది. కలం మూత తీసింది. ఆయన తడుముకోకుండా చెప్పాడు. ఆ ఉత్తరాన్ని ఇన్నేళ్ళూ లోపల దిద్దుకుంటూనే ఉన్నట్టున్నాడు. ‘అమ్మా, మీ బిడ్డ ప్రాణం తీసిన కరపత్రం కింద సంతకం నాది. నా ఎదుట కూర్చున్న మనిషి ఆ లైను సరిగ్గానే చదివింది. నా చెవి వినలేదు. తప్పు నా ఒక్కడిది…’

ఆమె రాసింది. రాయకుండా ఏం చేయగలదు? రాసేప్పుడు కలం మీద ఎవరిదో చెయ్యి ఉన్నట్టుంది.

“చదువు,” అన్నాడు.

చదివింది. కామాలతో సహా.

“ఏమన్నా వదిలేశానా?”

పోస్టు చేస్తే ఈ కాగితం ఒక తల్లి ఇంట్లోకి పోతుంది. ఆ తల్లి దాన్ని మడిచి దాచుకుంటుంది. ఇక దాన్నెవరూ వెనక్కి తేలేరు. ఇంతవరకూ ఆ అబద్ధం ఒక యజమాని గదిలో పలికిన మాట. ఇకపైన అది తన చేతిరాతలో ఉంటుంది.

“బావా, ఆ లైను నేను చదవలేదు.”

“ఏ లైను? ఇప్పుడు చదివావుగా.”

“ఇది కాదు. ఆ రోజుది. చదివానని అబద్ధం చెప్పాను.”

బావ తల ఆమెవైపు తిరిగింది. చూపు లేని కళ్ళు ఆమె భుజం పక్కనెక్కడో ఆగాయి. “మళ్ళీ చెప్పు,” అన్నాడు.

ఆమె మళ్ళీ చెప్పింది. ఈసారి ఆయన చెవి మీద అనుమానంతో అడిగినట్టు లేదు.

“ఎక్కణ్ణుంచి ఎక్కడికి దూకావు?”

“పై ‘పిల్లలకు’ దగ్గర్నుంచి కింది ‘పిల్లలకు’ దగ్గరికి.”

“కంపోజిటరూ అక్కడే దూకాడు.”

“ఊఁ.”

“అంటే నాకు వినబడిందీ, అచ్చులో ఉన్నదీ ఒకటే.”

“ఒకటే బావా. మీ చెవికేం కాలేదు. ఆ రోజు మీ కంటికీ ఏం కాలేదు.”

“నిద్రొచ్చిందా ఆ రోజు?”

“లేదు.” ఇది చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. “కరపత్రం కింద వారపత్రిక సీరియల్ రాతప్రతి ఉంది. తర్వాతి వారానిది. ఏం జరుగుతుందోనని కొస కొంచెం పక్కకి జరిపి పెట్టుకుని… ఒక కన్ను దాని మీద పెట్టాను.”

వీధిలో ఎవరో ఇనప షట్టరు ఎత్తారు.

“ఏం జరిగింది?”

“ఎప్పుడు?”

“సీరియల్లో.”

“తెలీదు. మళ్ళీ చదవలేదు.”

ఆయన తల పంకించాడు. అడగవలసినవి వరుసగా అడుగుతున్నట్టు, ఆ తర్వాత దానికి వచ్చాడు. “మీ అక్కకి తెలుసా?”

“తెలీదు.”

“పోయేదాకా పాపం ప్రతి మాటా మూడేసిసార్లు చెప్పింది నాకు. గొంతు పోయిన రోజుల్లో కూడా పలక మీద రాసి, పక్కన కూతురితో చదివించేది.” ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. “ఇక వెళ్ళు.”

“బావా…”

“వెళ్ళమన్నాను. మళ్ళీ చెప్పాలా?”

నాలుగు రోజుల తర్వాత అక్క కూతురు ఆమె గదికి వచ్చింది. లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

“మీరు ఇక రానక్కర్లేదని నాన్న చెప్పమన్నారు.”

మీరు. పాలు తాగే వయసు నుంచి నువ్వూ నువ్వూ అంటూ చంకెక్కిన పిల్ల. ఆ ఒక్క మాట ఆమెకు తల కొట్టేసినట్టనిపించింది.

“చెప్పారా నీకు?”

“చెప్పారు. బడిలో నన్నేమనేవాళ్ళో గుర్తుందా మీకు? పసిపిల్లాణ్ణి చంపినవాడి కూతురనేవాళ్ళు. ఒకరోజు పుస్తకాల సంచీ మురుగు కాలవలో పడేశారు. ఏడుస్తూ ఇంటికొస్తే, కూర్చోబెట్టి కళ్ళు తుడిచి సంచీ కడిగింది ఎవరు?”

ఆమె తలెత్తలేదు.

“మీరే. తుడిచేటప్పుడు ఏమనుకున్నారో నాకు తెలుసుకోవాలనుంది.”

“ఏం అనుకోలేదే. భయమేసేది. అంతే. మొదట ఉద్యోగం పోతుందని. మా అమ్మ మంచంలో ఉంది అప్పుడు. తర్వాత, అన్నాళ్ళు ఎందుకు చెప్పలేదంటారని. రోజులు గడిచేకొద్దీ ఆ రెండో భయమే పెరిగింది.”

“బాగుంది,” అంది ఆ పిల్ల. నలభై ఏళ్ళ మనిషి, అయినా ఆమె కంటికి పిల్లే. “చాలా బాగుంది. మాకు మాత్రం ఒక్క భయమే పెరిగింది, ఆయన చెవి.”

ఏడో నెల ఎలా గడిచిందో ఆమెకు తెలియదు. పదిగంటలకు కాళ్ళు వాటంతట అవే చెప్పులు తొడుక్కునేవి. మళ్ళీ విప్పేది. తనకు తెలిసిన పని ఒక్కటే, ఇంకొకరి మాటలు పైకి చదవడం. వినే మనిషి లేకపోయేసరికి గదిలో గోడలకేసి చూస్తూ కూర్చుంది. బావ గోడకేసి ఎందుకు కూర్చునేవాడో అప్పుడు కొంత అర్థమైంది.

ఎనిమిదో నెల మధ్యలో మళ్ళీ కబురొచ్చింది. ఫోనులో, రెండు ముక్కల్లో. “నేను చదివితే ఆయనకి పడటం లేదు. మిమ్మల్ని రమ్మంటున్నారు. వచ్చేప్పటికి నేనుండను.”

బావ సగానికి సగం అయ్యాడు. గొంతు మాత్రం గట్టిగానే ఉంది. “ఒకటి చెబుతున్నా విను. నీ గొంతు అలవాటైంది కాబట్టి పిలిచాను. అంతకుమించి ఏమీ లేదు. క్షమించడం, గిమించడం అని ఎత్తావంటే లేచి వెళ్ళిపో.”

“ఎత్తను.”

“పుస్తకం బల్ల మీదుంది. చరిత్ర. కామాలు మానెయ్యకు.”

టేపూ అని పిలవలేదు. ఆ తర్వాత ఎప్పుడూ పిలవలేదు.

చరిత్ర పుస్తకం మూడోవంతు అయ్యాక ఒకరోజు ఆయన చెయ్యి ఎత్తాడు. అలవాటు ప్రకారం ఆమె మళ్ళీ చదవబోయింది.

“అది కాదు. ఒక కాగితం దాటావు.”

“లేదే. వరుసగానే చదువుతున్నాను.”

“దాటావంటున్నాను. ఇందాక సేనాపతి నది ఒడ్డున గుడారం వేయించాడు. ఇప్పుడు అవతలి ఒడ్డున వాడి శవం ఉంది. నది ఎప్పుడు దాటాడు? ఎవరు చంపారు?”

ఆమె పేజీ అంచును వేలితో రుద్ది చూసింది. రెండు కాగితాలు అంటుకున్నాయి. ఎవరో ఏదో ఒలకబోసినట్టున్నారు.

“అంటుకున్నాయి కదూ?”

“అంటుకున్నాయి బావా.”

“నాకు తెలుసు,” అన్నాడు. అడగలేదు, చెప్పాడు. ఆ వారంలో ఆయన ఏ లైనూ రెండోసారి చదివించుకోలేదన్నది ఆమెకు అప్పుడు తెలిసింది. ఇది చూసి సంతోషించే హక్కు తనకు లేదని కూడా తెలిసింది. చెవి తిరిగొచ్చింది. దాన్ని వాడుకోవడానికి మిగిలినవి ఎన్ని వారాలో లెక్కపెట్టడం ఎవరికీ ఇష్టం లేదు.

పేజీలు విడదీసి సేనాపతిని చంపినవాడి సంగతి చదివాక, ఆయన అన్నాడు. “ఆ ఉత్తరం ఏం చేశావు?”

“దాచాను. పోస్టు చెయ్యలేదు.”

“నాది చింపెయ్యి. నీది నువ్వు రాయి. రాసి తీసుకురా. నేను వింటాను.”

నాలుగు రోజులు పట్టింది. జీవితమంతా ఇతరుల వాక్యాలు చదివిన మనిషి. సొంత వాక్యం మొదలుపెడితే కాగితం బరువెక్కేది. రెండు పేజీలు తయారయ్యాక వాటిని పట్టుకుని వెళ్ళి, కుర్చీ ఎదుట కూర్చుంది. అచ్చాఫీసులో కూర్చున్నట్టే, మధ్యలో బల్ల.

“అమ్మా కామా మీరు నన్ను ఎరగరు ఫుల్‌స్టాప్ ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట ఒక చిన్న పొరపాటు వల్ల…”

“‘చిన్న’ తీసెయ్యి.”

కొట్టేసింది.

“‘పొరపాటు’ కూడా తీసెయ్యి.”

“మరి ఏమనాలి?”

“ముందుకు చదువు, చెబుతాను.”

“నా కన్ను ఒక లైను మీద నుంచి జారిపోయింది…”

“జారలేదు. ఏం చేసింది?”

ఆమె ‘జారిపోయింది’ కొట్టేసింది. “వేరేది చదువుతోంది,” అంది.

“అది రాయి.”

“ఆ రోజుల్లో మా అమ్మ మంచంలో ఉండేది కామా ఉద్యోగం పోతే…”

“మీ అమ్మ మంచంలో ఉంటే ఆవిడకేం? ఆవిడ పిల్లాడు ఎక్కడున్నాడు?”

పేరా మొత్తం కొట్టేసింది. కలం కాగితాన్ని చింపినంత పని చేసింది.

“మా బావగారు ఎంతో నిజాయితీ గల మనిషి కామా నా అబద్ధం వల్ల జీవితమంతా…”

“నన్ను తీసెయ్యి.”

“బావా, అది మాత్రం ఉండనివ్వండి. అది నిజం.”

“నిజమే. కానీ ఇది నా గురించి కాదు. ఆవిడకి నా మీద జాలి పుట్టించి నువ్వు పక్కకి తప్పుకుంటావా? తీసెయ్యి.”

తీసేసింది.

“మీరు పెద్ద మనసు చేసుకుని నన్ను…”

“అడక్కు. ఇవ్వాలనుంటే ఆవిడే ఇస్తుంది. లేకపోతే ఆవిడిష్టం. చేతిలో గిన్నె పట్టుకుని వెళ్ళకు ఆ ఇంటికి.”

ఆయాసం వచ్చి కాసేపు ఆగాడు. ఆమె మంచినీళ్ళు అందిస్తే గుక్కెడే తాగాడు. ఆయనకు తాగనిచ్చే నీళ్ళు కొలత ప్రకారమే. ముఖం తెల్లగా పాలిపోయింది. అయినా ఇన్నేళ్ళలో ఎన్నడూ చూడని పదును ఉంది ఆ ముఖంలో. ఆమెకు బాగా తెలిసిన పదునే. ఎనిమిదేళ్ళు దాని ఎదుట కూర్చుంది.

“శుభ్రంగా తిరగరాసి చదువు.”

రాసింది. రెండు పేజీల్లో అయిదు వాక్యాలు మిగిలాయి. చదివింది.

“అమ్మా కామా మీ బిడ్డకు పట్టిన మందు కరపత్రాన్ని అచ్చుకు ముందు పైకి చదవడం నా పని ఫుల్‌స్టాప్ ఏడాది నిండని పిల్లలకు పట్టకూడదన్న లైను నేను చదవలేదు ఫుల్‌స్టాప్ ఆ సమయంలో నేను ఒక కథ చదువుతున్నాను ఫుల్‌స్టాప్ అడిగితే చదివానని అబద్ధం చెప్పాను ఫుల్‌స్టాప్ మీకు చెప్పకుండా ఇన్నేళ్ళు ఉన్నాను ఫుల్‌స్టాప్.”

బావ వింటున్నంతసేపూ తల కొంచెం పక్కకి వంచి ఉంచాడు. చదవడం అయ్యాక కూడా అలాగే ఉన్నాడు, ఇంకేమైనా వస్తుందేమోనన్నట్టు.

“అయిందా?”

“అయింది.”

“సరిగ్గా ఉంది,” అన్నాడు. “పంపు.”

ఆ మధ్యాహ్నమే పోస్టు చేసింది.

తొమ్మిదో పుస్తకం పూర్తయింది. పదోది హాస్యం. నలభై పేజీల దగ్గర, డయాలిసిస్ బల్ల మీద బావ గుండె ఆగిపోయింది. ఉత్తరం పంపిన నలభై ఆరో రోజు. కర్మకాండలకు ఆమె వెళ్ళింది. ఒక మూల నిలబడింది. అక్క కూతురు ఆమెను చూసింది, పొమ్మనలేదు, పలకరించలేదు. జనం వెళ్ళిపోయాక లైబ్రరీ పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది.

“ఇది మీరు ఇచ్చేస్తారా? గడువు దాటింది.”

“ఇచ్చేస్తాను.”

“ఆవిడ జవాబు రాసిందా?”

“లేదు.”

అక్క కూతురు లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మాట నిజమే. జవాబు రాలేదు. ఏడాది గడిచింది, పందెం ముగిసింది, లైబ్రరీ వాళ్ళు గోడమీది కాగితం తీసేసి కొత్త ఏడాదికి కొత్తది అంటించారు, అప్పటికీ రాలేదు. పోస్ట్‌మన్ తమ వీధికి వచ్చే వేళకు ఆమె గుమ్మంలో ఉంటుంది. ఇల్లు మారారనో, అలాంటి మనుషులెవరూ లేరనో రాసి ఆ ఉత్తరాన్ని వెనక్కి తెస్తాడేమోనని చూస్తుంది. అదీ రాలేదు. అంటే అక్కడ ఎవరో దాన్ని చేత్తో అందుకున్నారు.